షాటు చెక్క

రహమత్ నగర్,
14 ఏప్రిల్ 2024

సత్యనారాయణమూర్తి గారికి,

అబద్ధం రాసింది మీరు. ఇరవై ఏడేళ్ళుగా దాని మీద కూర్చున్నదీ మీరే. ఇప్పుడు దానికి అద్దాల పెట్టె కట్టించి, పైన దీపం పెట్టి, జనాన్ని పిలిచి చూపించబోతున్నదీ మీరే.

నమస్కారం ముందు రాయాలని నాకు తెలుసు. చివరికైనా రాస్తానో లేదో చెప్పలేను. ఫోను చేస్తే "వినపడట్లేదమ్మా" అంటూ పెట్టేశారు. చెవులు నిజంగానే మందగించాయని మీ కోడలు భువన చెప్పింది. కళ్ళు బాగానే ఉన్నాయట. అందుకే రిజిస్టరు పోస్టులో పంపుతున్నాను.

నేను ఉదయశ్రీని. నీలాద్రి స్టూడియో షూటింగులు జరిగే రెండో ఫ్లోరులో మెయిన్ కరెంటు బోర్డు మీద పద్దెనిమిదేళ్ళు పనిచేసిన పోచయ్య కూతురిని. అక్కడ ఎలక్ట్రికల్ సూపర్వైజరు మీరు. నేను మోతీనగర్ అవతల ఒక షెడ్డులో బ్రేకర్లు విప్పి, కడిగి, మళ్ళీ బిగించే పని చేస్తున్నాను. మా యూనియన్ కరపత్రాలు కూడా నేనే రాస్తాను. కాబట్టి భాష ఘాటుగా ఉంటే అది అలవాటు అనుకోండి, నోరు జారడం అనుకోవద్దు.

పోయిన వారం ట్రాలీ ఆటోలో ఒక పాత బ్రేకర్ దిగింది. పెయింటు ఊడిపోయి ఉంది, బరువు నలుగురు మోసేంత ఉంది. నేను పేరు పలకను చూసి గుర్తుపట్టలేదు. హ్యాండిల్ చూసి గుర్తుపట్టాను. దానికి సైకిల్ ట్యూబు ముక్క చుట్టి ఉంది. చెమట చేయి జారకుండా మా నాన్న చుట్టుకున్నది. రెండో ఫ్లోరును మ్యూజియం చేస్తున్నారనీ, ఈ బ్రేకర్‌ని తళతళలాడించి ఇవ్వమనీ స్టూడియోవాళ్ళు చీటీ పంపారు. దాంతోపాటు పక్కన గోడకు పెట్టబోయే బోర్డు రాత కూడా పంపారు, సాంకేతిక పదాలు సరిచూడమని. చూశాను.

"హ్యాండిల్ వదలని చేయి. 1997 మార్చిలో వానపాట తీస్తుండగా షార్ట్ సర్క్యూట్ అయినా, షాటు ఆగకూడదని బ్రేకర్‌ను పడిపోనివ్వకుండా రెండు చేతులతో పట్టుకుని నిలబడిన కళాభిమాని పోచయ్య. సమాచారం: నాటి ప్రమాద నివేదిక, రచన శ్రీ సత్యనారాయణమూర్తి."

పట్టుకుని నిలబడ్డాడా? ఆ బ్రేకర్‌నా?

మీకు తెలియనిది కాదు, అయినా చెబుతాను. ఆనాడు మీరు ఎవరికీ చెప్పలేదు కాబట్టి చెబుతాను. అందులో హ్యాండిలుకీ లైను కలిపే కాంటాక్టులకీ మధ్య రెండు ఇనప బద్దలుంటాయి, మోకాలి దగ్గర కలిసిన తొడా పిక్కా లాగా. హ్యాండిల్ ఎత్తితే మోకాలు నిటారుగా నిలబడుతుంది, లైను కలుస్తుంది. ఆ మోకాలు మడతపడకుండా ఆపేది లాచ్ అనే చిన్న కొక్కెం. షార్టు అయిన క్షణంలో లాచ్ జారుతుంది. నిలబడ్డవాడి మోకాలి వెనక ఎవరో తన్నినట్టు బద్దలు కూలుతాయి, స్ప్రింగు లైనుని విడగొడుతుంది. బ్రేకర్ పడటమంటే అదే. హ్యాండిల్ మీద ఎవరి చేయి ఉన్నా సరే, పహిల్వాను చేయి అయినా సరే, అది ఆగదు. చేతిలో హ్యాండిల్ మిగులుతుంది, లోపల లైను ఉండదు. ఆ యంత్రాన్ని చేసినవాడు మనుషుల తొందరని నమ్మలేదు. అందుకే అలా చేశాడు.

ఆ రోజు తర్వాత మా వాడలో ఏమన్నారో తెలుసా? "మీ నాయిన టైముకు ఆఫ్ చెయ్యలేదంట గదా, ముప్పై మంది ఆడపిల్లలు నీళ్ళల్ల నిలబడి ఉండంగ." తోటి లైట్‌మన్లు దారిలో ఎదురైతే తలతిప్పుకున్నారు. ఆయన ఆ రోజు కాలి ముడుచుకుపోయిన వేళ్ళతో పదిహేనేళ్ళు బతికి, అపార్టుమెంటు గేటు దగ్గర వాచ్‌మన్ కుర్చీలో కూర్చుని పోయాడు. ఒక్కసారి కూడా ఎదురు మాట్లాడలేదు. నేను కూడా ఆ మాటే నమ్మాను సార్. నివేదికలో మీరేం రాశారో ఇప్పుడే చదివాను.

ఒక్క ప్రశ్న. ఆ వాక్యం మీరు రాశారా, మీ చేత రాయించారా?

ఉదయశ్రీ

*

వెంగళరావు నగర్,
29 ఏప్రిల్ 2024

చిరంజీవి ఉదయశ్రీకి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. కోపం బాగానే చేరింది. పోచయ్యకి ఎప్పుడూ రాని కోపం నీకెలా వచ్చిందా అనుకుంటూ రెండుసార్లు చదువుకున్నాను.

అమ్మా, మీ నాన్న నా కళ్ళముందే ఉన్నాడు. పొద్దున్నే యూసుఫ్‌గూడ మీదుగా నడుచుకుంటూ కొండెక్కి వచ్చేవాడు. అప్పట్లో ఫిల్మ్ నగర్‌లో ఇన్ని మేడలెక్కడివి, రాళ్ళూ సీతాఫలం పొదలే. వచ్చీ రాగానే బోర్డు దగ్గరికెళ్ళి ఆ బ్రేకర్‌ని పలకరించేవాడు. "లేచినవా బావా? రాత్రి మంచిగ పన్నవా?" అని. ఫ్లోరంతా నవ్వేది. షాటు మధ్యలో అది పడిపోతే చేతులు కట్టుకుని వచ్చి, "జర ఆగుండ్రి సార్, బావ అలిగిండు" అనేవాడు. నేనేమో "ఏరా పోచయ్యా, మీ బావకి మళ్ళీ ఏం తక్కువైందిరా?" అనేవాణ్ణి. దర్శకుడు కూడా కుర్చీలోంచి, "పోచయ్యా, మీ చెల్లెల్ని పిలిపించవయ్యా, సర్దిచెబుతుంది" అనేవాడు. అవి వేరే రోజులమ్మా. పెద్ద దీపాలు వెలిగితే ఎండ దిగి లోపలికొచ్చినట్టుండేది. రేకుల వాసన, కొత్త పెయింటు వాసన, క్యాంటీన్ ఉప్మా వాసన. ఇప్పుడు ఇవన్నీ ఎవరికి కావాలి?

నివేదిక గురించి అడిగావు. అది ఒక్కడు రాసేది కాదు, చాలామంది సంతకాలున్నాయి. పాత యంత్రం కదా, గ్రీజు గట్టిపడి లాచ్ బిగుసుకుపోయి ఉండొచ్చు. ఇన్నేళ్ళ తర్వాత ఎవరు చెప్పగలరు? స్టూడియో ఇప్పుడు చూసుకుంటున్న మనోజ్ఞ మంచిపిల్ల. పాతవాళ్ళంటే గౌరవం. మీ నాన్న పేరు గోడకెక్కుతోంది, అదేమన్నా చిన్న సంగతా? ఆగస్టు పద్దెనిమిదిన ప్రారంభం. ఆ బ్రేకర్‌ని నా చేత స్విచాన్ చేయిస్తున్నారు. నువ్వు మీ అమ్మగారిని తీసుకుని తప్పక రావాలి. ముందు వరసలో కూర్చోబెడతాను.

ఒకసారి భోజనానికి రా. భువన చింతచిగురు పప్పు బాగా చేస్తుంది.

ఆశీస్సులతో,
సత్యనారాయణమూర్తి

*

రహమత్ నగర్,
12 మే 2024

మూర్తిగారికి,

పప్పు తర్వాత. ముందు గ్రీజు సంగతి.

గ్రీజు గట్టిపడిందేమోనని మీరన్నారు కాబట్టి, ఆ బ్రేకర్‌ని ఆఖరి పిన్ను దాకా విప్పాను. ఇంతవరకూ ఏ బ్రేకరునీ అంత నెమ్మదిగా విప్పలేదు. గ్రీజు ఎండింది నిజమే. కానీ కింద లాచ్ ఈనాటికీ వేలితో తాకితే జారుతోంది. స్ప్రింగులో జీవం తగ్గలేదు. మీ అనుమానం తీరింది.

తీరని అనుమానం ఇంకోటి దొరికింది. లాచ్ కింద ఇత్తడి పట్టీ మీద ఒక గుంట ఉంది, చిటికెన వేలి గోరంత. ఒక్కరోజులో పడే గుంట కాదు, ఏళ్ళ తరబడి ఏదో ఒకటి దోపి, తీసి, దోపి, తీస్తే పడేది. ఆ మూలన గడ్డకట్టిన గ్రీజులో సన్నని పీచు ఇరుక్కుని ఉంది. పిన్నుతో తీసి వెలుతురులో పెట్టి చూశాను. టేకు.

అప్పుడు నా చిన్ననాడు ఒక్కసారి తిరిగొచ్చింది. నాన్న సెట్టు వడ్రంగుల దగ్గర మిగిలిన టేకు ముక్కలు తెచ్చి, గడప మీద కూర్చుని కత్తితో చెక్కేవాడు. ఒక కొస సన్నగా, ఒక కొస లావుగా, బొటనవేలంత. "గిదేంది నాయినా?" అంటే, "షాటు చెక్క బిడ్డా. హీరోగారికి కోపం రాకుండ ఉండే మందు" అని నవ్వేవాడు. మేము వాటితో తలుపులు ఆపుకునేవాళ్ళం. లాచ్ జారకుండా దాని కింద దోపేవారన్నమాట. షాటు మొదలవగానే చెక్క లోపలికి, కట్ అనగానే చెక్క బయటికి. యంత్రం మోకాలికి కర్ర కట్టి నిలబెట్టారు. దాన్ని చేసినవాడు నమ్మని తొందర ఉందే, ఆ తొందర చెక్క రూపంలో లోపలికి దూరింది.

పాత రోజులు బంగారం అని మీరూ మీ మనోజ్ఞగారూ బోర్డులు రాయించుకుంటున్నారు. నాకూ ఆ రోజులంటే ప్రాణమే సార్, అది మీ ఒక్కరి ఆస్తి కాదు. నేను కూడా క్యారియరు పట్టుకుని ఆ కొండ ఎక్కాను. ముహూర్తం రోజున ఎవరో పెద్దమనిషి క్యామెరా స్విచాన్ చేసేవాడు, ఫొటోలు తీసేవారు, కొబ్బరికాయ కొట్టేవారు. అదే క్షణంలో ప్లైవుడ్ గోడ వెనక మా నాన్న అసలు స్విచ్చు వేసేవాడు. ఆయన వేయకపోతే అక్కడున్న దేవుడి పటం కూడా చీకట్లోనే ఉండేది. ఆయన ఫొటో ఎవరూ తీయలేదు. ఇప్పుడు పేరు గోడకెక్కిస్తున్నారు, అదీ అబద్ధం రాయడానికి.

ఇంకోటి. మీరు ఆయన్ని "ఏరా" అనేవారు, ఆయన మిమ్మల్ని "సార్" అనేవాడు. మీ ఉత్తరంలో ఆ "ఏరా" ఎంత ముద్దుగా రాశారు! ఆయన మీకంటే మూడేళ్ళు పెద్ద.

చేతులు కాలాక ఆయనకి మిగిలిన కాలక్షేపం ఒక్కటే. నేను షెడ్డు నుంచి రాగానే అడిగేవాడు. "ఇయ్యాల ఎన్ని చూసినవ్ బిడ్డా? గట్టిగ పట్టుకున్నవా? పట్టుకున్నా పడ్డదా?" మా షెడ్డు నుంచి ఏ బ్రేకర్ బయటికి పోవాలన్నా ఆ పరీక్ష చేయాలి. హ్యాండిల్ బిగించి పట్టుకుని, లాచ్‌ని జార్చే ట్రిప్ బటన్ నొక్కాలి, అయినా లైను విడిపోవాలి, ఐదుసార్లు. "పడ్డది నాయినా" అంటే, "మంచిగ పడ్డదా?" అని మళ్ళీ అడిగేవాడు. పాత పని మీద మమకారం అనుకున్నాను.

సూటిగా చెప్పండి. ఆ రోజు చెక్క దోపిన చేయి ఎవరిది?

ఉదయశ్రీ

*

వెంగళరావు నగర్,
3 జూన్ 2024

ఉదయశ్రీకి,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చించేశాను. భువన "ఏంటి మావయ్యా, పరీక్ష రాస్తున్నారా?" అని అడిగింది. అలాగే ఉంది.

నా చేయి.

షాటు చెక్క నేను కనిపెట్టింది కాదు. నేను చేరేనాటికే ఉంది. వేరే స్టూడియోల్లో కూడా ఉండేదని వినేవాణ్ణి. పెద్ద దీపాలన్నీ ఒకేసారి వేస్తే బ్రేకర్ మోయలేక పడిపోయేది. షాటు మధ్యలో పడిపోతే మేకప్పు మళ్ళీ, మూడ్ మళ్ళీ, అరుపులు మళ్ళీ. పెద్ద బ్రేకర్ తెప్పించమని నేను మూడుసార్లు రాశాను, తెప్పించలేదు. చెక్క ఉంది కదా అన్నారు. చెక్క చెక్కడంలో పోచయ్య చేయి బాగా తిరిగింది. అతను చెక్కినది సరిగ్గా కూర్చునేది, లాగితే సరిగ్గా వచ్చేది. నీళ్ళున్న సెట్టులో మాత్రం పెట్టనని అతనికో పట్టింపు. ఎవరు చెప్పినా వినేవాడు కాదు.

ఆ రోజు వానపాట. ఫ్లోరంతా మడమల దాకా నీళ్ళు, ముప్పై మంది డాన్సు పిల్లలు. మధ్యాహ్నం నుంచి మూడుసార్లు పడిపోయింది. హీరోగారు సాయంత్రం విమానానికి వెళ్ళాలి. మేనేజరు నా మీద అరిచాడు, నేను పోచయ్య మీద అరిచాను. అతనన్న మాట అక్షరం అక్షరం గుర్తుంది. "వద్దు సార్. బావ ఉత్తగ అలుగుతలేడు. ఏడనో కేబుల్ నీళ్ళల్ల తడుస్తున్నది. జర చూడనియ్యుండ్రి, పది నిమిషాలు." చెక్క జేబులో పెట్టుకుని దాని మీద చేయి వేసుకున్నాడు. నేను ఆ చేయి తప్పించి చెక్క లాక్కున్నాను. పెట్టె మూత తీసే ఉంది. నేనే దోపాను.

నాలుగోసారి షాటు మొదలైంది. పాట సగానికి రాకుండానే కేబుల్ చిటపటలాడింది. పిల్లలు అరిచారు. బ్రేకర్ పడలేదు. పడనివ్వలేదు కదా. నేను బోర్డుకి మూడడుగుల్లో ఉన్నాను ఉదయా. నా కాళ్ళు కదల్లేదు. పోచయ్య అవతలి గోడ దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చి, రెండు చేతులూ పెట్టెలో పెట్టి చెక్క లాగేశాడు. బ్రేకర్ పడింది. తెరిచిన పెట్టెలోంచి మంట అతని చేతుల మీదికి వచ్చింది.

పిల్లల్లో ఒక్కరికి కూడా గీత పడలేదు.

ఇదీ జరిగింది. పోచయ్య నివేదికకి ఒప్పుకునే వేలిముద్ర వేశాడు. ఎందుకని మాత్రం నన్నడగొద్దు. నా కోసం కాదు, నీ కోసం చెబుతున్నాను.

సత్యనారాయణమూర్తి

*

రహమత్ నగర్,
9 జూన్ 2024

మూర్తిగారికి,

మీ ఉత్తరం మా అమ్మకి చదివి వినిపించాను. రాజమ్మ అంటే తెలుసు కదా, ఆసుపత్రి వరండాలో మీకు ఎదురుపడ్డ మనిషి. ఆమె ఏడవలేదు. "చెక్క గుంజిండని నాకెరుకే" అంది.

"ఎరుకైతే ఇన్నేళ్ళు ఎందుకు చెప్పలేదే అమ్మా? వాడంతా ఆయన్ని తిట్టిపోస్తుంటే?"

"గిప్పుడెందుకు బిడ్డా గవన్ని? తిన్నవా?"

"ఎందుకు ఒప్పుకున్నడు నాయిన?"

"ఆ మూర్తి సారు రాయలేదా? రాస్తే తెలుస్తది. నేనైతే చెప్ప."

ఇద్దరూ ఒకే మాట. నా కోసమట. నలభై తొమ్మిదేళ్ళ ఆడమనిషిని, యూనియన్ సమావేశాల్లో మేనేజర్ల నోళ్ళు మూయించిన దాన్ని, నాకేది మంచిదో మీరిద్దరూ తేలుస్తున్నారు. బీదవాళ్ళ నోరు కట్టేసే ప్రతివాడూ ఇదే మాట అంటాడు: మీ మంచికే. ఈ మాట వినీ వినీ నా చెవులు మీ చెవులకంటే ముందే చెడిపోయాయి.

ఆయన ముప్పై మందిని కాపాడిన మనిషి. ఆయనది పట్టుకుని నిలబెట్టిన చేయి కాదు, లాగి విడిపించిన చేయి. మీ బోర్డు దానికి సరిగ్గా తిరగేసి చెబుతోంది. బోర్డు మీద ఆ రాత ఉంటే ఆగస్టు పద్దెనిమిదిన నేను ముందు వరసలోనే ఉంటాను, మా షెడ్డు ఆడవాళ్ళు యాభై మందితో, కరపత్రాలతో.

ఎందుకు ఒప్పుకున్నాడు? రాయండి.

ఉదయశ్రీ

*

వెంగళరావు నగర్,
2 జూలై 2024

ఉదయకి,

రాస్తున్నాను. చదివాక నన్ను తిట్టుకో, అతన్ని ఏమీ అనకు.

ప్రమాదం జరిగిన నాలుగో రోజు ఆసుపత్రికి వెళ్ళాను. చెక్క సంగతి బయటపడితే ఫ్లోరు మూతపడుతుంది, లైటింగ్ డిపార్టుమెంటు మొత్తం వీధిన పడుతుంది, అందరికంటే ముందు నేనే పడతానని మేనేజరు చెప్పి పంపాడు. పోచయ్య చేతులకి కట్లు. నన్ను చూసి లేవబోయాడు. "కూసో సార్" అన్నాడు, తనే నాకు కష్టం కలిగించినట్టు.

అతనే అడిగాడని రాస్తే నాకు ప్రాణానికి హాయిగా ఉండేది. కాదు. ముందు నేనే అన్నాను. మీ అమ్మాయి ఐటీఐ పాసైంది కదా, మోతీనగర్ వైపు షెడ్డు యజమాని నాకు తెలిసినవాడు, ఆడపిల్లని తీసుకోమంటే తీసుకుంటాడు అని. అతను కట్ల వంక చూసుకున్నాడు. "ఆడపిల్ల పానా పట్టుకుంటనంటే నవ్వుతున్నరు సార్ అందరు. నాలుగు చోట్ల తిరిగొచ్చింది. నువ్వు చెప్తే నిజంగ తీసుకుంటడా?" అన్నాడు. తీసుకుంటాడన్నాను. "అయితే ఏం రాసుకుంటవో రాసుకో. బిడ్డకు మాత్రం తెల్వొద్దు. తన మార్కులకే అచ్చిందనుకోవాలె" అన్నాడు. కట్లలోంచి బొటనవేలు బయటికి తీసి ముద్ర వేయించాం.

బ్రేకర్ ఎందుకు పడలేదో ఏదో ఒకటి రాయాలి కదా. హ్యాండిల్ పట్టుకున్నాడని రాశాను. అది జరగని పని అని, బ్రేకర్ మూత తీసి చూసిన ఎవడికైనా తెలుస్తుంది. తనిఖీకి వచ్చినవాళ్ళలో ఒక్కడైనా అది చదివి పకపకా నవ్వుతాడేమో, నన్ను నిలదీస్తాడేమో అని నెల రోజులు ఎదురుచూశాను. నిజం చెప్పనా, నవ్వాలనే కోరుకున్నాను. ఎవరూ నవ్వలేదు. చదవకుండానే సంతకాలు పెట్టారు. ఇరవై ఏడేళ్ళ తర్వాత మొదట నవ్వినదానివి నువ్వు, అదీ కోపంగా.

ఆ చెక్క నా దగ్గరే ఉంది. ఆ సాయంత్రం నీళ్ళలో తేలుతుంటే తీశాను. పంచెల కింద బీరువాలో ఉంది. ఒక పక్క మాడింది.

ఆహ్వానాలు అచ్చయిపోయాయి. పైన నా ఫొటో ఉంది. డెబ్భై రెండేళ్ళవాణ్ణి, ఇంట్లో అందరికీ నేనంటే గౌరవం. బోర్డు రాత మార్పించడానికి మనోజ్ఞతో మాట్లాడతాను, ఏదో ఒకలా మారుస్తాం, "పోచయ్యగారు ముప్పై మందిని కాపాడారు" అని రాయిద్దాం. చెక్క మాట లేకుండా. నా పేరు లేకుండా. అంతవరకు చాలదా తల్లీ? నన్ను అంతమందిలో నిలబెట్టకు.

సత్యనారాయణమూర్తి

*

రహమత్ నగర్,
21 జూలై 2024

మూర్తి సార్‌కి,

నమస్కారం. మొదటి ఉత్తరంలో బాకీపడ్డది ఇప్పుడు రాస్తున్నాను.

మీ ఉత్తరం చదివాక మూడు రోజులు షెడ్డుకి వెళ్ళలేదు. వెళ్ళకపోవడం నా సర్వీసులో అదే మొదటిసారి. నాలుగు చోట్ల నవ్వి పంపేశాక ఐదో చోట "రేపట్నుంచి రామ్మా" అన్నప్పుడు నేను ఇంటిదాకా ఎగురుకుంటూ వచ్చాను. వాడలో పేడాలు పంచాను. నాన్న నోట్లో నేనే పెట్టాను, చేతులకి కట్లున్నాయి కదా. "నీ మార్కులు చూసి అదిరిపోయినట్టుండ్రు" అన్నాడు. ఎంత బాగా నటించాడు సార్! ఆ కొండ మీద అంతమంది నటుల మధ్య పద్దెనిమిదేళ్ళు ఉన్నాడు, ఆయన చేసిన పాత్ర అదొక్కటే.

మా అమ్మని కూర్చోబెట్టి ఉత్తరమంతా చదివాను.

"నాతోటి ఒట్టు వేయించుకుండు" అంది. "నువ్వు పానా పట్టుకుని పోతుంటే గేటు కాడికెళ్ళి చూసెటోడు. తిట్టెటోళ్ళు తిట్టనీ రాజమ్మా, తిట్టుకు నా బిడ్డ చేతులు కాలయి గదా అన్నడు."

"మరి నాకు ఇయ్యాల చెప్తున్నవ్, ఒట్టు ఏమైంది?"

"నేనేడ చెప్పిన? సారు చెప్పిండు" అని నవ్వింది. పన్నెండేళ్ళలో ఆయన గురించి మాట్లాడుతూ ఆమె నవ్వడం ఇదే మొదటిసారి చూశాను. తర్వాత అడిగింది: "రోజూ అడిగెటోడు గదా నిన్ను, పట్టుకున్నా పడ్డదా అని. ఎందుకడిగెటోడో ఎరుకైందా?"

ఎరుకైంది సార్. తాను నోరు తెరిచి చెప్పుకోలేని మాట ఆయన రోజూ నా నోటితో చెప్పించుకున్నాడు. పట్టుకున్నా పడ్డది నాయినా. మంచిగ పడ్డది. పదిహేనేళ్ళు, సాయంత్రం సాయంత్రం, నాకు తెలియకుండానే నేను ఆయన పక్షాన సాక్ష్యం చెప్పాను. ఆయన ఆ మాట విని అన్నం తిన్నాడు.

ఇప్పుడు మీ బేరం. ఉద్యోగం మీ మాట మీద వచ్చింది, ఒప్పుకుంటున్నాను. ఆగస్టులో మీరు ఆ మాట మైకులో చెప్పినా తలదించుకోను. తలదించుకోవాల్సింది, మార్కులున్న ఆడపిల్ల పానా పట్టుకోవాలంటే ఒక తండ్రి చేతులు కాలాల్సి వచ్చిన ఊరు. కానీ ఆ ఉద్యోగానికి బదులు మీ అబద్ధాన్ని ఇంకా మోయమంటే మోయను. ఆయన మోయాల్సినంత మోశాడు.

చెక్క మాట లేకుండా ఆయన్ని వీరుణ్ణి చేద్దామంటున్నారు. వద్దు. వీరులు మీకు సులువు. పోయిన మనిషికి దండ వేయొచ్చు, పెద్ద బ్రేకర్ కొనక్కర్లేదు. ఈ రోజుకీ ఎక్కడో ఒక ఫ్లోరులో ఒక చెక్క ఉంటుంది సార్, దాని పేరు మారి ఉంటుంది, అంతే. అది చూసిన పిల్ల ఎవరైనా ఆ మ్యూజియంకి వచ్చి, మాడిన చెక్క చూసి, తన పని చోటు గుర్తుచేసుకోవాలి. అప్పుడే అది మ్యూజియం.

నాకు ఆ పాత రోజులు కావాలి. సీతాఫలం పొదలు, ఉప్మా వాసన, "లేచినవా బావా" అన్న గొంతు, అన్నీ కావాలి. మీరూ కావాలి, ఎందుకంటే ఆ గొంతు గుర్తున్నవాళ్ళు మీరూ, మేమిద్దరమూ, అంతే. అందుకే ఇన్ని ఉత్తరాలు రాశాను. లేకపోతే మొదటి కాగితమే కరపత్రమై మీ వీధి గోడకి అంటుకునేది.

బ్రేకర్‌ని బిగించాను. తళతళలాడించలేదు. కడిగాను, గ్రీజు పెట్టాను, ఐదుసార్లు పరీక్ష చేశాను. సైకిల్ ట్యూబు ముక్క తీయలేదు. శుక్రవారం ట్రాలీలో స్టూడియోకి పంపుతున్నాను. మా అమ్మ ఆ రోజుకి మంచి చీర తీసి పెట్టుకుంది.

ఉదయశ్రీ

ఆగస్టు 18కి మా డిమాండ్లు:

1. "హ్యాండిల్ వదలని చేయి" బోర్డు తీసేయాలి.

2. కొత్త బోర్డు మీద ఆ రోజు జరిగింది జరిగినట్టు ఉండాలి. జూన్ 3న మీరు రాసిన మాటలే చాలు, ఒక్కటి కూడా మార్చవద్దు.

3. కింద మీ పేరు ఉండాలి.

4. మాడిన చెక్కని బ్రేకర్ పక్కన, అదే అద్దాల పెట్టెలో పెట్టాలి. బీరువాలోంచి మీరే తీసుకురావాలి.

5. నీలాద్రి స్టూడియోలో ఇప్పుడు నడుస్తున్న ఫ్లోర్లన్నిట్లో బోర్డు పెట్టెల మూతలు తీసి, లైట్‌మన్ల ముందే తనిఖీ చేయించాలి.

6. పోచయ్యని ఆ రోజు మైకులో "గారు" అనాలి.

7. స్విచాన్ వద్దు. కరెంటు లేకుండా బ్రేకర్ హ్యాండిల్ ఎత్తి, అందరి ముందు మీరు రెండు చేతులతో పట్టుకోవాలి. మీ బలమంతా పెట్టి పట్టుకోవాలి. ట్రిప్ బటన్ మా అమ్మ నొక్కుతుంది.